బాతు జాకెట్

రావాల్సిన వేళ దాటిపోయింది. దాటిపోయిందని ఒప్పుకోవడం ఇష్టం లేక ఆమె దిగువ రేవులో నిలిపిన వ్యాను ముందద్దం మీద అంటుకుపోయిన పురుగుల మరకల్ని తడిగుడ్డతో తుడుస్తోంది, తుడిచినచోటే మళ్లీ తుడుస్తోంది, అదేపనిగా వంపు వైపు చూస్తే వచ్చేవాళ్లకు తన దిష్టే తగులుతుందేమోనని తల వంచుకుని తుడుస్తోంది, కానీ మెడ చెప్పిన మాట వింటేనా, గుడ్డ దులిపే వంకతో ఒకసారి, జారిన జుట్టు వెనక్కి తోసుకునే వంకతో ఇంకోసారి అటే తిరుగుతుంది. అక్కడ నది కొండ మొదలును ఒరుసుకుంటూ మలుపు తిరుగుతుంది, మలుపులో తెల్లబండ, బండ పక్కన సాయంత్రం కాకముందే పరుచుకునే నల్లటి నీడ. ఏది వచ్చినా ఆ నీడలోంచే రావాలి. ముందు రబ్బరు రాఫ్ట్ ముక్కు కనిపిస్తుంది, తర్వాత తెడ్లు, తర్వాత రెండు వరసల్లో మనుషులు, అందరికన్నా వెనక, అందరికన్నా ఎత్తున గైడ్. ఇవాళ ఆ గైడ్ ఆమె కూతురు. పక్కన పెద్దవాళ్లెవరూ లేకుండా రాఫ్ట్ మొత్తాన్ని తన మాట మీద నడపడం ఆ పిల్లకి ఇదే మొదటిసారి. అందుకని ట్రంకుపెట్టె అడుగునుంచి వాళ్ల నాన్న ఎర్ర లైఫ్ జాకెట్ తీసి వేసుకుని వెళ్లింది. ఆ జాకెట్ నీళ్లలో తేలదని ఆ పిల్లకి తెలియదు, ఆమెకు తెలుసు, తెలిసీ పొద్దున నోరు మెదపలేదు.

పొద్దున అంతా మామూలుగానే జరిగింది. ఎగువ రేవులో వ్యాను ఆపింది, పైన కట్టిన రాఫ్ట్ తాళ్లు విప్పింది, పంపు తొక్కింది, నది మీద సరదాకి వచ్చిన జనానికి నారింజరంగు జాకెట్లు పంచింది, ఎవరికి ఏ కొలత పడుతుందో ఆమె చూపుతోనే చెప్పగలదు, పొట్ట ఉన్నవాళ్లు చిన్నది చాలంటారు, పొట్ట లేనివాళ్లు ఏదిచ్చినా ఊపిరాడటం లేదంటారు. తలెత్తి చూసేసరికి కూతురు వ్యాను వెనకనుంచి వస్తోంది, ఎర్రగా. ఆ ఎరుపు కూడా ఎప్పుడో వెలిసి ఇటుకపొడి రంగుకి దిగింది, ఎడమ భుజం పట్టీ మీద నల్లదారంతో ఆమె వేసిన కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. "ఎలా ఉన్నానమ్మా?" అంది పిల్ల, చేతులు చాపి ఒక చుట్టు తిరిగి. విప్పెయ్ అనాలి. ఒక్క మాట, గొంతుదాకా వచ్చిన మాట. విప్పెయ్ అంటే ఎందుకు అంటుంది, తేలదు అంటే మరి నాన్న అంటుంది, అక్కడితో ఆగే పిల్లా అది, తీగ లాగుతుంది, డొంకంతా కదులుతుంది, అంత మంది జనం ముందు, అదీ ఇవాళ. "అచ్చం మీ నాన్నలాగే ఉన్నావే" అనేసింది. పిల్ల మొహం వెలిగిపోయింది. గైడ్లలో ఎవరి జాకెట్ వాళ్లు చూసుకోరు, ఇంకొకరు వెనకనుంచి వచ్చి రెండు భుజాలూ పట్టి గట్టిగా పైకి గుంజి చూడాలి, గడ్డందాకా లేచిందంటే క్లిప్పులు వదులుగా ఉన్నట్టు, ఎంత మొనగాడైనా తన భుజాలు ఇంకొకరి చేతికి అప్పగించాల్సిందే. ఆ అలవాటుకొద్దీ చేతులు చాచింది. పిల్ల చటుక్కున తప్పుకుని, "అమ్మా, అందరూ చూస్తున్నారు, నేనేమన్నా చిన్నపిల్లనా?" అంది గొంతు తగ్గించి, నవ్వుతూనే. ఆమె చేతులు గాల్లో ఉండిపోయాయి. ఆ చేతులు జాకెట్‌కి తగిలి ఉంటే, లోపలి ఫోమ్ వేళ్లకింద అట్టముక్కలా నలిగి ఉంటే, అప్పుడైనా చెప్పేదేమో. చెప్పేదాన్నే అని ఇప్పుడు అనుకోవడం తేలిక.

గుడ్డ ఆరిపోయింది. ఒడ్డుకు దిగి ముంచితే నీళ్లు మణికట్టు దగ్గర కోసినట్టు తగిలాయి, ఎండలు మండిపోతున్నా ఈ నీళ్లు వేడెక్కవు, ఎగువన ఆనకట్ట అడుగునుంచి వదిలే నీళ్లు, ఎండమొహం ఎరగనివి. మొదటి వేసవిలో ఈ నీళ్లలో కాలు పెట్టి కెవ్వుమని అరిస్తే, ఒడ్డున పంపు తొక్కుతున్నవాడొకడు, "మెల్లిగా అరవండి, నది జడుసుకుంటుంది" అన్నాడు. అతనే బాతు. ఎక్కడ పడేసినా తేలతాడని గైడ్లు పెట్టిన పేరు, రానురాను ఆమె కూడా అలాగే పిలిచింది, కోపం వచ్చినప్పుడు మాత్రం అసలు పేరు బయటికి తీసేది. సెలవుల్లో ఊరికే కూచోవడం ఎందుకని ఒక్క వేసవి పని చేసి పోదామనుకుంది, ఆ ఒక్క వేసవే ఇదిగో ఇంతవరకూ సాగింది. ఆరీ ఆరని బట్టలే మళ్లీ తొడుక్కోవడం, పక్క మీద వాలినా కింద నది కదులుతున్నట్టే ఉండటం, నాని నాని తెల్లబడ్డ అరికాళ్లు చెప్పుల్లో జారడం, బొటనవేలి మొదట్లో తెడ్డు రాపిడికి కాయకాసిన చర్మం, అతని చేతిలో చెయ్యి పెడితే ఇద్దరి కాయలూ గరగరా గీసుకునేవి, వాళ్లకి అదే సరసం. రోజూ ఎగువ రేవులో నిలబడి అతను అదే ఉపన్యాసం ఇచ్చేవాడు, అవే జోకులు, అవే చోట్ల నవ్వులు. "పడితే నోరు తెరవకండి, నది లోపలికొచ్చేస్తుంది, మళ్లీ దాన్ని బయటికి పంపడం నా వల్ల కాదు" అనేవాడు. "భార్యాభర్తలు ఎదురెదురుగా కూచోకండి, ఇంట్లోలాగే ఇక్కడా ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతాం" అనేవాడు. "నీళ్లలో పడ్డాక లేచి నిలబడాలని మాత్రం చూడకండి, కాలు బండల సందులో ఇరుక్కుంటుంది. వెల్లకిలా పడుకోండి, కాళ్లు ముందుకు పెట్టండి, జాకెట్‌ని నమ్మండి, పడుకోవడం మీ పని, మోయడం దాని పని" అనేవాడు, ఈ మాట దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు. జాకెట్‌ని నమ్మండి. ఆ మాట అతని గొంతుతోనే చెవిలో పడినట్టయి ఆమె గుడ్డ పిండకుండానే వ్యాను దగ్గరికి వచ్చేసింది, నీళ్లు మోచేతిదాకా కారాయి.

ఈపాటికి ఉయ్యాల దాటి ఉంటారు, అత్తగారిని కూడా దాటి ఉంటారు. నీళ్లు జోరెత్తే ప్రతి చోటికీ గైడ్లు ఒక పేరు పెట్టుకున్నారు, ఉయ్యాల ఊరికే ఊపి వదిలేస్తుంది, అత్తగారు దూరంనుంచి ఎంతో నెమ్మదిగా కనిపించి దగ్గరికెళ్లాక వాయిస్తుంది, ఆ పేరు పెట్టింది బాతే, వాళ్లమ్మ ఒకసారి నది చూడ్డానికి వచ్చినప్పుడు ఈ పేరు విని ఎవరి అత్తగారూ అని అడిగితే ఒడ్డున ఒక్కరికీ నోరు పెగల్లేదు. చివరిది తిరగలి. దాని దగ్గర జోకులుండవు. పెద్ద బండ మీదనుంచి పడిన నీళ్లు కింద తమలోకి తామే తిరుగుతుంటాయి, చిక్కినదాన్ని కిందికి లాగి, పైకి తెచ్చి, మళ్లీ కిందికి లాగి తిప్పుతాయి, తేలేదాన్ని కాసేపు ఆడించి బయటికి కక్కేస్తాయి, తేలనిదాన్ని ఉంచేసుకుంటాయి. మనిషి, కర్ర, జాకెట్, దానికి అన్నీ ఒకటే. అక్కడ ఎడమవైపు వెళ్లాలి, బండకి ఇంకా దూరం ఉందనుకున్నప్పుడే తిప్పెయ్యాలి, దగ్గరికొచ్చాక తిప్పుదాంలే అనుకుంటే అయిపోయినట్టే. పిల్లకి ఎన్నిసార్లు చెప్పింది, అన్నం తింటుంటే చెప్పింది, జడ వేస్తూ చెప్పింది, పళ్లేలు కడుగుతూ చెప్పింది, "ఎడమ, ఎడమ, ఎడమ, నిద్రలో కూడా ఎడమే అంటున్నాను, ఇంక చాలమ్మా" అనేది పిల్ల. అన్నీ చెప్పింది. ఒక్కటి చెప్పలేదు.

తెడ్డు వచ్చింది. నీడలోంచి పసుపుపచ్చగా ఏదో జారింది, ప్రవాహం మధ్యకి వచ్చి ఒకసారి తిరిగి, తోవ అడిగినట్టు ఆగి ఆగి ఒడ్డు వైపు వచ్చింది, ఆమె మోకాళ్లలోతుకి దిగి అందుకుంది. పిడి దగ్గర ఆకుపచ్చ టేపు, తమ రాఫ్ట్‌దే. తెడ్డు ఒక్కటే వస్తే ఏమీ కాదు, ఎవరో బెదిరి వదిలేశారంతే, ఒడ్డున కాపు ఉండేవాళ్లు మొదట నేర్చుకునేది ఇదే. హెల్మెట్ వస్తే ఎవడో గడ్డం కింద పట్టీ పెట్టుకోలేదు. రాఫ్ట్ బోర్లా వస్తే ముందు దాని అడుగున చెయ్యి పెట్టి వెతకాలి. క్లిప్పులు పెట్టే ఉన్న జాకెట్ వస్తే వదులుగా కట్టారు, మనిషి కిందనుంచి జారిపోయాడు. క్లిప్పులు విప్పి ఉన్న జాకెట్ వస్తే ఏమిటో ఎవరూ నేర్పలేదు, నది మీద జాకెట్ ఎవరూ విప్పరు గనక. ఏది వచ్చినా ఒడ్డు మనిషి ఒడ్డు వదలకూడదు, ఎగువన ఏమైనా చివరికి అన్నీ ఇక్కడికే వస్తాయి, వచ్చేదాన్ని అందుకునే చెయ్యి ఇక్కడ ఉండాలి. అందుకే ఆ రోజు కూడా ఆమె పరిగెత్తలేదు, చంకలో పిల్లతో ఇదే గులకరాళ్ల మీద నిలబడింది, వ్యాను అప్పుడు ఇంకొకటి, పిల్ల చేతిలో సగం కొరికిన బిస్కెట్. నీళ్లలో ఏదో వచ్చింది, ఎంత లోతుగా మునిగి వచ్చిందంటే అంచు ఒక్కటే పైకి కనిపిస్తూ, ఎండుటాకుల గుత్తి అనుకుంది ఆమె. పిల్ల బిస్కెట్ ఉన్న చేత్తోనే అటు చూపించి, "నాన్న బొంత" అంది.

బొంతే. పిల్లకి అది జాకెట్ అని తెలియదు. మధ్యాహ్నం రాఫ్ట్‌లు ఇసుకదిబ్బ మీద ఆగినప్పుడు అందరూ తినేదాకా పిల్లని దాని మీదే పడుకోబెట్టేవాళ్లు, ఆ దిబ్బకి బండి వెళ్లే దారి ఉండేది, ఆమె భోజనాలు పట్టుకుని పిల్లతో సహా వెళ్లేది. వచ్చిన జనానికి జాకెట్ల మీద కూచోవద్దని గొంతు చించుకుని చెప్పేవాళ్లు, కూచుంటే ఫోమ్ చచ్చిపోతుంది, చచ్చిన ఫోమ్ మనిషిని మోయదు, పైగా నీళ్లు తాగి బరువెక్కుతుంది. చెప్పేవాళ్లు చెప్పేవాళ్లే, ఆ ఎర్ర జాకెట్ మీద మాత్రం సంసారం అంతా కూచుంది. పెళ్లికి ముందు ఆమె కూచుంది, రాళ్లు గుచ్చుకుంటాయని అతనే పరిచేవాడు. పెళ్లయ్యాక తల కింద పెట్టుకున్నారు. పిల్ల పుట్టాక పరుపైంది, దాని మీద పాలు ఒలికాయి, ఉచ్చ పోసింది, నదిలో ముంచి ఎండలో ఆరేస్తే మళ్లీ మధ్యాహ్నానికి పరుపు. సీజన్ మొదలయ్యే ముందు ఏటా జాకెట్లన్నీ పరీక్ష పెట్టేవాళ్లు, మడుగులో జాకెట్ వేసి దాని మీద రాళ్ల సంచీ పెడతారు, మోస్తే సరే, మునిగితే అక్కడికక్కడే కత్తి తీసి రెండు భుజం పట్టీలూ కోసెయ్యాలి, మళ్లీ పొరపాటున కూడా ఎవరూ తొడుక్కోకుండా. ఆ ఏడు ఎర్రది మునిగింది. సంచీ పెట్టీ పెట్టకముందే మడుగు అడుక్కి పోయింది, సీనియర్ గైడ్ కత్తి తీశాడు, బాతు ఒక్క గెంతున వెళ్లి జాకెట్ లాక్కుని, "ఇది నా కూతురి పరుపయ్యా, దీన్ని కోస్తే దానికి నిద్ర నువ్వు తెస్తావా?" అన్నాడు. "పరుపుగానే ఉంచు, వేసుకోకు" అన్నాడు సీనియర్. "బాతుకి ఎవడన్నా జాకెట్ తొడుగుతాడా? నాకిది అలంకారం" అన్నాడు, నీళ్లోడుతున్నదాన్ని అలాగే తొడుక్కుని ఛాతీ విరిచి నిలబడ్డాడు. మడుగు చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, అలా నవ్విస్తుంటేనే కదా అతను అంత బాగుండేది, ఎర్రగా, తడిగా, దేన్నీ లెక్కచెయ్యకుండా.

ఎగువనుంచి ఈల. ఒక్కసారి ఊదితే ఇటు చూడమని, ఆగకుండా ఊదితే ప్రమాదమని. ఈల అవునో పిట్టో తెలియలేదు, చెవి రిక్కించి విన్నాక నీళ్ల హోరే మిగిలింది, హోరులోంచి ఏ చప్పుడు కావాలంటే ఆ చప్పుడు ఏరుకోవచ్చు. నీడలోంచి రాఫ్ట్ ముక్కు వచ్చింది, నీలంరంగు, తమది కాదు, పక్క కంపెనీది, వెనక కూచున్న పొడుగాటి గైడ్ కుర్రాడు చిన్నప్పటినుంచీ ఆమెకు తెలుసు. రాఫ్ట్ ఇంకా ఒడ్డుకు తగలకముందే అరిచింది.

"మా పిల్లేదిరా?"

"తిరగలి దగ్గర ఆగున్నారక్కా! ఎవరో పడ్డట్టున్నారు. మేం అప్పటికే అవతలి పాయలోకి పోయాం, ఆపుదామంటే ఆగలేదు. సరిగ్గా కనబడలేదు!"

"ఎర్ర జాకెట్ కనిపించిందా?"

అతను తెడ్డు ఆపి ఆలోచించాడు. ఆలోచించకుండా ఉంటే బాగుండును. "ఎర్రదా... చూళ్లేదక్కా" అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి, మునిగేవాళ్లకి విసిరే తాడుసంచీ భుజాన వేసుకుని, తన జనాన్ని అక్కడే వదిలేసి, ఒడ్డు వెంట ఎగువకి పరుగు తీశాడు. ఆమె కాళ్లు కూడా రెండడుగులు వేశాయి. ఆగిపోయింది. ఒడ్డు మనిషి ఒడ్డు వదలకూడదు. ఈ నియమం పెట్టినవాణ్ణి ఎదురుగా నిలబెడితే చెంప పగలగొట్టాలనిపించింది, పెట్టిందెవరో ఆమెకు తెలియదు, బాతే పెట్టి ఉంటాడు, ఇలాంటివన్నీ అతనే పెట్టేవాడు, అందరికీ పెట్టేవాడు, తను తప్ప.

ఆ రోజు తిరగలిలో పడిన కళ్లజోడు మనిషి బతికాడు. అతని వెనకే బాతు దూకాడు. కళ్లజోడు మనిషిని కిందనుంచి పైకి తోశాడు, రాఫ్ట్‌లో ఉన్నవాళ్లు అందుకున్నారు, తర్వాత జాకెట్ వచ్చింది, చాలా తర్వాత అతను. జాకెట్ విప్పి ఉంది కాబట్టి దానికొక కథ కావాల్సి వచ్చింది, ఎవరు మొదలుపెట్టారో, సాయంత్రానికల్లా కథ తయారైంది, మునిగేవాణ్ణి పట్టుకోవాలంటే లోతుకి వెళ్లాలి, లోతుకి వెళ్లాలంటే జాకెట్ అడ్డం, అందుకని తన ప్రాణానికున్న ఒక్క ఆధారాన్నీ తనే విప్పి పారేసి దూకాడు. ఆఫీసు గోడ మీద ఫొటో పెట్టారు. తిరగలి దగ్గర బండకి అతని పేరు పెట్టారు, కొత్త గైడ్లకి ఆ బండ దగ్గర నిలబెట్టి ఈ కథ చెబుతారు. కళ్లజోడు మనిషి మాత్రం వారం పోయాక ఇంటికి వచ్చి, అప్పటికింకా కొత్త కళ్లజోడు చేయించుకోలేదు, ఆమె ఉన్నవైపు కాకుండా గోడవైపు చూస్తూ, "దూకినప్పుడు జాకెట్ ఉందమ్మా ఒంటిమీద. నన్ను పైకి తోసినప్పుడు కూడా ఉంది. ఆ తర్వాత ఆయన పైకి రాలేకపోతున్నాడు. ఏదో పట్టి లాగుతున్నట్టు కిందికి పోతూ క్లిప్పులు పీక్కుంటున్నాడు. నేను చూశాను" అన్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరికని చెబుతుంది, పిల్లకా, పిల్ల ఆ కథ విననిదే నిద్రపోయేది కాదు, రోజూ అదే చోట, "అప్పుడు నాన్న ఏం చేశాడు?" అని అడిగేది, "జాకెట్ విప్పేశాడు" అని చెప్పేది ఆమె, "ఎందుకూ?" అనేది, "వాళ్లని కాపాడటానికి" అనేది ఆమె, అప్పుడు గానీ కళ్లు మూసేది కాదు. తండ్రి లేని పిల్లకి కనీసం ఇంత తండ్రినైనా ఇవ్వాలనుకుంది. ఇచ్చింది. ఇచ్చినదాన్ని పిల్ల ఇవాళ ఒంటికి తొడుక్కుని వెళ్లింది.

పెట్టెలో ఎందుకుంచాను, కాల్చెయ్యకపోయానా, పాతిపెట్టకపోయానా, కనీసం పట్టీలు కోసెయ్యకపోయానా, ఎన్ని జాకెట్లు కోశాను ఈ చేతులతో, అన్నీ కోశాను, ఒక్కసారి కూడా కత్తి దీని మీదికి పోలేదు, వాసన పోతుందేమోనని పెట్టె కూడా ఎక్కువగా తెరిచేదాన్ని కాదు. చచ్చినవాడి పరువు కోసం బతికున్నదాన్ని పంపించాను. ఈ మాట ఆమె పైకే అంది, పక్క కంపెనీ జనంలో ఒకావిడ తల తుడుచుకుంటూ, "నన్నేమన్నా అన్నారా?" అని అడిగింది. లేదని తల ఊపింది. కొండనీడ తెల్లబండ దాటి ముందుకొచ్చింది. నదికి ఏం పట్టింది, వస్తూనే ఉంది, నిన్నటి నీళ్లు కావు, ఆ రోజు నీళ్లూ కావు, ఆ రోజు నీళ్లు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి, మరి ఎవరి మీద కోపం తీర్చుకోవాలి. ఆమె తెడ్డు పట్టుకునే ఉంది. ఇప్పుడు ఎర్రగా ఏదీ రాకూడదు, ఎర్రది ఒక్కటే రాకూడదు. లోతుగా మునిగి, అంచు ఒక్కటే పైకి కనిపిస్తూ, క్లిప్పులు విప్పి. ఈసారి గుర్తుపట్టడానికి చంకలో పిల్ల కూడా లేదు.

రాఫ్ట్ ముక్కు. తమదే, బూడిదరంగు, ముక్కు మీద అతుకు. తెడ్లు, ఒకటి తక్కువ. రెండు వరసల్లో మనుషులు, అందరూ నారింజ. వెనక ఎత్తున, గైడ్ చోట, అక్కడ కూడా నారింజే. ఆమె కళ్లు ఎరుపు కోసం వెతికాయి, ఒక వరస వెతికాయి, రెండో వరస వెతికాయి, మళ్లీ వెనక్కి వెళ్లాయి. ఎరుపు లేదు. రాఫ్ట్‌లో ఎక్కడా ఎరుపు లేదు, జనంలో ఎవరో తెడ్డు పట్టి వెనక కూచుని తీసుకొస్తున్నారు, గైడ్ లేకుండా వస్తోంది రాఫ్ట్. కాళ్లకింద గులకరాళ్లు జారిపోయాయి, కూచుంటున్నానని తెలియకుండానే నీళ్లలో కూచుంది, చలి నడుముదాకా పాకింది, మంచిదే అనుకుంది, ఇలాగే ఇంకొంచెం లోపలికి. అప్పుడు వినిపించింది. "కుడివాళ్లు వెనక్కి! గట్టిగా! ఇంకొకటి! ఆపండీ!" బొంగురుపోయి, సగం దగ్గుతో, పళ్లేలు కడుగుతుంటే విసుక్కునే ఆ గొంతే. నారింజ జాకెట్‌లో కూచున్నది తన కూతురే. కనుబొమ్మ చీలి చెంపదాకా రక్తం, జుట్టు ఊడి మొహానికి అంటుకుని, అందరికీ ఇచ్చే నారింజ జాకెట్‌లో. రాఫ్ట్‌లో అదనంగా ఒకటి వేసేది ఆమే, పొద్దున ఆమే వేసింది, ఆ సంగతే మర్చిపోయింది.

జనం దిగారు. లావుపాటి మనిషి ఒకాయన గడగడలాడుతూ, పొద్దున చిన్న జాకెట్ చాలన్నాయన, ఆమె దగ్గరికి వచ్చి, "నేను పడ్డానండీ, నన్ను లాగబోయి మీ అమ్మాయి కూడా పడింది. నేను తేలాను, తను తేలలేదు. ఎంతకీ రాలేదండీ పైకి. చివరికి మావాడు జుట్టు చేతికి చిక్కితే అదే పట్టుకుని లాగాడు, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆమె అతని చేతులు పట్టుకుంది. పిల్ల రాఫ్ట్ అడుగునుంచి ఎర్ర జాకెట్ బయటికి లాగింది. రెండు చేతులతో లాగాల్సి వచ్చింది, అంత బరువెక్కింది. గులకరాళ్ల మీద పడేస్తే దాన్నుంచి నీళ్లు ఆగకుండా కారాయి. ఆమె దగ్గరికి వెళ్లి పిల్ల మొహం పట్టుకోబోయింది, పిల్ల అడ్డుకోలేదు, దగ్గరికీ రాలేదు.

"అమ్మా, ఇది తేలదు."

ఆమె కనుబొమ్మ మీది గాయం చూడబోయింది.

"నీకు తెలుసా?"

నది మీద గైడ్ అడిగితే ఒక్క మాటలో చెప్పాలి, హోరులో రెండో మాట వినబడదు, అవును, కాదు, ఉన్నాడు, లేడు. పాతది కదా అనొచ్చు, ఇన్నేళ్లు పెట్టెలో ఉండి పాడైందేమో అనొచ్చు, అంతా నాలుక చివరే ఉంది, అవన్నీ నమ్మడానికి పిల్ల సిద్ధంగానే ఉంది, ఆ కళ్లు చూస్తే తెలుస్తోంది, నమ్మించమనే అడుగుతున్నాయి.

"తెలుసు."

పిల్ల కనుబొమ్మ మీది రక్తం మోచేత్తో తుడుచుకుంది. జాకెట్ వంక చూసింది. నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఎంతో చిన్నప్పుడు కథ ఆపి అడిగినట్టే అడిగింది.

"నాన్నకి?"

"తెలుసు."

ఏడుస్తుందనుకుంది ఆమె, తిడుతుందనుకుంది, తిడితే బాగుండుననుకుంది. పిల్ల వంగి, నడుముకున్న కత్తి తీసి, ఆ కత్తీ అతనిదే, జాకెట్‌ని మోకాలితో తొక్కిపట్టి కుడి భుజం పట్టీ కోసింది. తర్వాత ఎడమది. నల్లదారం కుట్టు దగ్గర కత్తి ఒకసారి ఆగింది, బిగువుగా వేసిన కుట్టు, రెండోసారి గట్టిగా లాగితే తెగిపోయింది. కోసినదాన్ని తీసుకెళ్లి చిరిగిన తాళ్లూ విరిగిన తెడ్లూ పడేసే డ్రమ్ములో వేసి, అందరితో కలిసి రాఫ్ట్ గాలి తీసి, మడిచి, వ్యాను మీదికి ఎత్తింది. తాళ్లు కట్టేటప్పుడు తల్లీకూతుళ్లు చెరోపక్కనా నిలబడి కట్టారు, ఈ కొస ఆమె విసిరితే ఆ కొస పిల్ల అందుకుంది, ముడి బిగిసిందో లేదో ఇద్దరూ చూసుకున్నారు, మాట లేకుండా ఆ పని రోజూ చేసేదే.

జనం ఎక్కారు. ప్రాణాలు దక్కిన హుషారులో అప్పుడే పెద్దగా మాట్లాడుకుంటున్నారు, ఎవరెంత అరిచారో ఒకరినొకరు అనుకరించుకుని నవ్వుకుంటున్నారు. డ్రైవర్ పక్క సీటు పిల్లది, రోజూ కాళ్లు పైకి పెట్టుకుని కూచుంటుంది, రోజూ ఆమె దించమంటుంది. ఇవాళ పిల్ల ఆ తలుపు దాటి వెళ్లిపోయి అందరికన్నా చివరి సీట్లో కిటికీకి తల ఆనించుకుంది, లావుపాటాయన తన తువ్వాలు తీసి కనుబొమ్మకి అదిమి పట్టాడు. ఆమె పక్క సీటు మీదున్న తడిగుడ్డ తీసి కింద పడేసింది, అటువైపు తలుపు కాసేపు తెరిచే ఉంచింది. తర్వాత చెయ్యి చాచి మూసేసి బండి తీసింది.